ఎకోకి కుదిరిన వాల్వు

సత్తెనపల్లి రైల్వే స్టేషను రోడ్డు మీద విత్తనాల కొట్లు అయిపోయి ఇళ్ళు మొదలయ్యే చోట, వెనక ఒక చిన్న గదితో, ఇరుకు కొట్టు ఒకటి ఉండేది. పైన బోర్డు మీద 'బుడే రేడియోస్' అన్న అక్షరాలు ఎండకి వెలిసి సగమే మిగిలాయి. బుడేసాయిబు పోయి రెండేళ్ళవుతున్నా ఊళ్ళో ఎవరూ దాన్ని ఆయన కూతురి పేరున ఖుర్షిదా కొట్టు అనలేదు. ఆమె కూడా అనిపించుకోవాలని చూడలేదు.

వాళ్ళది దూదేకుల కుటుంబం. తాత ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. బుడేసాయిబు కుర్రతనంలోనే ఆ పని మానేసి గుంటూరులో ఒక రేడియో మెకానిక్ దగ్గర చేరాడు. పని పట్టుబడ్డాక సొంత ఊరు వచ్చి కొట్టు పెట్టాడు. పంచాయతీ రేడియో మూగబోయినా, సినిమా హాల్లో ఆంప్లిఫయర్ మొరాయించినా ఆయనకే కబురు వచ్చేది. భార్య చిన్న వయసులోనే పోయింది. ఉన్న ఒక్క కూతుర్నీ నరసరావుపేట ఇచ్చి పెళ్ళి చేశాడు. ఏడాది తిరక్కుండానే ఖుర్షిదా ట్రంకు పెట్టెతో బస్సు దిగి ఇంటికి వచ్చేసింది. ఏం జరిగిందని ఆయన అడగలేదు. మర్నాడు పొద్దున చెప్పులేసుకుంటూ "నువ్వూ కొట్టుకి రా" అన్నాడు. అంతే. అవతల భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి ఆమెకి సాల్డరింగు చెయ్యడం వచ్చేసింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు తండ్రీ కూతుళ్ళు ఒకే బల్లకి ఇటూ అటూ కూర్చుని పని చేశారు. మాటలు తక్కువే. "ఆ వైరు అందుకో", "ఇది విను", "గుయ్‌మనడం తగ్గిందా" ఇలాంటివే. అయినా అది వెలితిగా ఉండేది కాదు. ఆయన పోయాక అదే బల్ల, అదే నిశ్శబ్దం. కానీ ఎదురుగా మనిషి ఉండి మాట్లాడకపోవడానికీ, మాట్లాడదామన్నా మనిషి లేకపోవడానికీ తేడా ఎంతో అప్పుడు తెలిసొచ్చింది.

టీవీలు పెద్ద కొట్లకి వెళ్ళిపోయాయి. ఆమె దగ్గరికి వచ్చేవి రైతుల ట్రాన్సిస్టర్లు, టేపు మింగేసిన టేప్‌రికార్డర్లు. తెచ్చినవాళ్ళు బల్ల మీద పెట్టి "పాడట్లేదు" అనేవారు. ఆమె "రేపు రండి" అనేది. కొన్ని రోజులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమె నోటి వెంట వచ్చినవి ఆ రెండు ముక్కలే.

రెండు వేల సంవత్సరం, మిర్చి సీజను మాంచి జోరు మీద ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. యాభై దాటిన మనిషి ఒకాయన దిగాడు. డ్రైవరు సాయంతో నల్ల రెక్సిన్ తొడిగిన పెద్ద పెట్టె ఒకటి దింపించి, రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"బుడేసాయిబు గారు లేరామ్మా?"

"పోయారండి. రెండేళ్ళవుతోంది."

ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మరి ఆ వాల్వుల పని ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"నేనే చేస్తానండి. వస్తే."

ఆయన పేరు ప్రేమ్‌చంద్. ముప్పాళ్ళ దగ్గర మిరప రైతుల బిడ్డ. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. పెట్టె ఆయన గిటారు ఆంప్లిఫయర్. ఎన్నో ఏళ్ళ కిందట మద్రాసులో ఒక పెద్దాయన చేత ప్రత్యేకంగా కట్టించుకున్నది. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. కిందటేడు దీంట్లో వాల్వులు మాడిపోతే ఎవరో ఏవో రెండు వేసి ఇచ్చారు. అప్పటినుంచీ ఎకో చెడిపోయింది. మీట తిప్పితే మొదట ఏమీ రాదు, ఇంకాస్త తిప్పితే కుయ్‌మని ఊళ పెడుతుంది. ఇది పారేసి కొత్త రకం కొనుక్కోమని విజయవాడలో చెప్పారట. కొత్త రకం వాయించి చూశాడు కూడా. మనసుకి పట్టలేదు.

ఖుర్షిదా అంతా విని ఒకటే అడిగింది. "ఎకో ఎలా ఉండాలండి మీకు?"

ఆ మాట అంతకుముందు ఎవరూ తనని అడగలేదేమో, ప్రేమ్‌చంద్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మా కోల్డ్ స్టోరేజీలో సీజను మొదలవకముందు గదులన్నీ ఖాళీగా ఉంటాయమ్మా. ఒక్క బస్తా ఉండదు. అప్పుడు భోజనాల వేళ లోపలికెళ్ళి గిటారు వాయించుకునేవాణ్ణి. వెనకెవరో నిలబడి వింటున్నట్టుండేది. మీదకొచ్చి పడేది కాదు. వెనకే ఉండేది. మిరపకాయల టిక్కీలు దిగాయనుకో, ఇక ఆ గది గొంతు పోయేది. నాకు ఆ ఖాళీ గది కావాలి. అంతకంటే ఎక్కువ వద్దు."

ఆమెకి అర్థమైంది. పెట్టె లోపల పెట్టించి, ఈసారి "రేపు రండి" అనకుండా, నేనే కబురు చేస్తానంది. ఆయన కోల్డ్ స్టోరేజీ ఫోను నంబరు చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు వెనక చెక్క విప్పింది. లోపల వేలెడంత గాజు వాల్వులు వరసగా నిలబడి ఉన్నాయి. అడుగున ఒక రేకు డబ్బా, దాంట్లో సన్నటి స్ప్రింగులు వేలాడుతున్నాయి. ఎకో వచ్చేది అక్కడినుంచే. గిటారు శబ్దం ఒక చివర స్ప్రింగులోకి ఎక్కి, వణుక్కుంటూ రెండో చివర దిగుతుంది. ఎక్కించడానికి ఒక వాల్వు, దిగినదాన్ని అందుకోవడానికి ఇంకొకటి. ఎక్కించేదానికి బలం ఉండాలి, స్ప్రింగుని కదిలించాలి కనుక. అందుకునేదానికి చెవి ఉండాలి. స్ప్రింగు దాటి వచ్చేసరికి శబ్దం చీమంత అయిపోతుంది. దాన్ని కొండంత చెయ్యాలి. ఆ వాల్వులో ఏ కొంచెం లోపం ఉన్నా అది కూడా కొండంత అవుతుంది.

లోపం దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. రెండు చోట్లా ఒకే రకం వేశారు. ఈ వాల్వుల్లో ఏ రకమైనా అదే గుంటలో ఒకేలా కూర్చుంటుంది, చూపుకి అన్నీ ఒకటే. కానీ ఈసీసీ ఎనభై మూడు అనే రకం శబ్దాన్ని బాగా పెంచుతుందే గాని దానికి తోసే బలం లేదు. స్ప్రింగుని కదిలించే చోట దాన్ని కూర్చోబెట్టారు. అందుకునే చోట వేసినదేమో పెన్సిలుతో తడితే గంటలా మోగుతోంది. లోపల సన్నటి రేకులు వదులైపోయిన వాల్వు అది.

ఆమె తండ్రి దాచిన పాత వాల్వుల అట్టపెట్టెలు దింపింది. మద్రాసు పాత సామాన్ల బజారులో ఆయన ఏరుకొచ్చినవి కొన్ని, సినిమా హాళ్ళు పారేసిన ఆంప్లిఫయర్లలోంచి తీసినవి కొన్ని. వాల్వుల కింది సన్నటి కాళ్ళకి పట్టిన మిరప దుమ్ము తుడిచి, మొదట తోసే చోట ఎనభై ఒకటో రకం పెట్టింది. దానికి బలం ఎక్కువ. పెట్టగానే స్ప్రింగులు పోటెత్తాయి. మీట ఇలా ముట్టుకుంటే చాలు, నూతిలో కేక వేసినట్టయింది. అది కొందరికి నచ్చుతుంది. కానీ ఆయన అడిగింది నుయ్యి కాదు. తర్వాత ఎనభై రెండు పెట్టింది. దాని పెంపు తక్కువ, నెమ్మదైనది. ఇప్పుడు మీట తిప్పినకొద్దీ ఎకో కొంచెం కొంచెంగా వెనకనుంచి వచ్చి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. తోసే వాల్వు కుదిరింది.

ఇక అందుకునేది మిగిలింది. ఎనభై మూడో రకానివి అట్టపెట్టెల్లో చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటీ పెట్టి విని చూడాలి. వినడానికి ఏదో ఒక శబ్దం కావాలి. ఆమెకి గిటారు రాదు. ట్రాన్సిస్టరు కలిపి చూస్తే అందులో పాటకి ముందే ఎకో ఉంది. చివరికి పాత మైకు ఒకటి తగిలించి తనే మాట్లాడింది.

"హలో" అంది. ఆ మాట స్ప్రింగుల్లోకి వెళ్ళి తిరిగొచ్చింది. ఖుర్షిదా కాస్త ఉలిక్కిపడింది. ఆ గదిలో తన గొంతు అంత నిండుగా విని చాలా రోజులైంది.

మొదట్లో ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టింది. తర్వాత చేస్తున్న పని చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇది తీస్తున్నాను, ఇది మోగుతోంది, దీంట్లో బుసబుస ఎక్కువ. ఇంకో రోజు, ఎందుకో తెలియదు, "నాన్నా, ఇది సరిపోయిందంటావా" అని అడిగింది. అడిగాక ఎకో పూర్తిగా ఆగిపోయేదాకా కదలకుండా వింది. ఆ రోజునుంచీ పని నెమ్మదించింది. ఒక్కో వాల్వు దగ్గరా ఎక్కువసేపు కూర్చుంటోంది. నరసరావుపేటలో ఆ ఏడాది ఎలా గడిచిందో, తండ్రి అడిగితే చెబుదామనుకుని ఆయన అడక్కపోయేసరికి లోపలే ఉండిపోయిన మాటలు, మైకులో చెప్పింది.

పక్కన కారం మిల్లు ఉంది. సీజన్లో పొద్దున్నే మొదలుపెడితే భోజనాల వేళకి గాని ఆగదు. అది ఆగిన ఒక మధ్యాహ్నం ఖుర్షిదా మైకు దగ్గరికి వంగి, "ఆ రోజు నువ్వు నన్ను పిలిచావేమో నాన్నా. మిల్లు ఆడుతోంది. నాకు వినపళ్ళేదు" అంది.

బుడేసాయిబు పోయింది అలాగే. వెనక గదిలో పడుకున్నాడు. ఆమె ముందు గదిలో పని చేసుకుంటోంది. మిల్లు ఆగాక మంచినీళ్ళు తీసుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మంచం పక్కన చెంబు పడి ఉంది. చెవి మీద బతికే ఖుర్షిదాకి అంత దగ్గర్లో చెంబు పడ్డ చప్పుడు వినపడలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట మైకులో అన్న కాసేపటికే, ఎదురుగా టిఫిన్ కొట్టు నడిపే వెంకటేశ్వరమ్మ రోడ్డు దాటి వచ్చింది. అరవై దగ్గర పడుతున్న మనిషి, భర్త లేడు, పొయ్యి దగ్గర ఒక్కతే. చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. స్పీకరు మొహం వీధి వైపు ఉందనీ, మిల్లు ఆగితే ఆ వీధిలో గాలి కూడా వినపడుతుందనీ ఖుర్షిదాకి అప్పుడు తట్టింది.

వెంకటేశ్వరమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ పెట్టెతో చెప్పుకునే కబుర్లు నాతో చెప్పుకోకూడదూ అమ్మాయ్" అంది. మెత్తగానే అంది. కానీ ఖుర్షిదా గబుక్కున వెనక్కి జరిగింది. స్విచ్చి ఆపేసింది. పని ఉంది పిన్నీ అని లేచి, తలుపు రెక్క ఒకటి దగ్గరగా వేసింది. మజ్జిగ తాగలేదు. మర్నాటినుంచి టిఫినుకి కూడా ఎదురుకొట్టుకి వెళ్ళలేదు. వెంకటేశ్వరమ్మ అటునుంచి చూసేది, ఇటు తలుపు సగం మూసి ఉండేది.

ఇక తొందరగా పని ముగించి ఆ పెట్టెని పంపెయ్యాలనుకుంది. అట్టపెట్టెల్లోని ఎనభై మూళ్ళన్నీ పెట్టి చూడటం అయిపోయింది. వాటిలో ఒకటి పర్వాలేదు. బుసబుస తక్కువే. కానీ గట్టిగా మాట్లాడితే ఎకో చివర్న సూది మొనంత మోత వినిపిస్తోంది. వేరే మనిషి ఎవరూ పట్టుకోలేరు. ఆమె పట్టుకుంది.

అప్పుడు వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ తండ్రి తన కోసం కట్టుకున్న ఆంప్లిఫయర్ ఉంది, గ్రామఫోను రికార్డులు వినడానికి. ఆయన పోయాక ఆమె దాన్ని వేసింది లేదు. దాంట్లో వేసిన ఎనభై మూడుని ఆయన వందల్లోంచి ఏరాడని ఆమెకి తెలుసు. పెన్సిలుతో తడుతూ, చెవి దగ్గర పెట్టుకుంటూ ఎన్నో ఆదివారాలు కూర్చోవడం చూసింది. దుమ్ము ఊది, దాన్ని తీసి తెచ్చి ప్రేమ్‌చంద్ పెట్టెలో పెట్టింది. కాగనిచ్చింది. మీట సగానికి తిప్పింది. ఏ చప్పుడూ లేదు. పని చెయ్యడం లేదేమో అనుకుంది. మైకు దగ్గర సన్నగా దగ్గింది. ఆ దగ్గు వెళ్ళి, శుభ్రంగా, దూరంగా, ఒక పెద్ద ఖాళీ గది అవతలి గోడ దాకా పోయి వచ్చినట్టు తిరిగొచ్చింది. ఆయన చెప్పింది ఇదే.

ఖుర్షిదా ఇంకోసారి దగ్గి వింది. తర్వాత స్విచ్చి ఆపి, వాల్వు చల్లారాక తీసి, తిరిగి తండ్రి ఆంప్లిఫయర్‌లో పెట్టేసింది. రెండోది, ఆ సూది మోత ఉన్నది, ప్రేమ్‌చంద్ పెట్టెలో ఉంచి చెక్క బిగించింది.

ప్రేమ్‌చంద్ వచ్చి కొట్లోనే గిటారు తగిలించి వాయించాడు. ఎకో పలకగానే కళ్ళు మూసుకున్నాడు. బాగుందమ్మా, చాలా బాగుందన్నాడు. శ్రీరామనవమికి ఇక్కడే పందిట్లో మా ప్రోగ్రాము ఉంది, తప్పకుండా రావాలని చెప్పి వెళ్ళాడు. ఆయన సంతోషం చూసి ఖుర్షిదా నేల వైపు చూసింది.

నవమి నాడు సాయంత్రం కల్యాణం ముగిసి పానకం పంచడం అయ్యాక ఆర్కెస్ట్రా మొదలైంది. ఖుర్షిదా వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు చివర, పందిరి గుంజ దగ్గర నిలబడింది. చుట్టూ కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చున్నాయి. ఎవరూ ఆమెని పలకరించలేదు, ఆమె ఎవర్నీ పలకరించలేదు. రెండు పాటల తర్వాత ప్రేమ్‌చంద్ ఒక్కడే వాయించే ఘట్టం వచ్చింది. కొట్లోకంటే సౌండు ఎన్నో రెట్లు పెద్దది. ఒక స్వరం దగ్గర, అది ఆగి ఎకో వెనక్కి పోతున్న చోట, ఆ సూది మోత లేచింది. టింగుమంది. జనం చప్పట్లు కొడుతున్నారు. ఎవరికీ పట్టలేదు. కానీ ప్రేమ్‌చంద్ వాయిస్తూనే వెనక్కి చెయ్యి చాచి ఎకో మీట కొంచెం తగ్గించడం ఆమె చూసింది. మళ్ళీ అదే స్వరం వచ్చే ముందు ఇంకొంచెం తగ్గించాడు. మూడోసారి ఆ స్వరాన్నే వదిలేసి పక్కదారిన పోయాడు. అయిపోయాక దూరంనుంచి ఆమెని గుర్తుపట్టి, బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆయనకి తెలుసు. తెలిసీ ఏమీ అనకుండా సర్దుకుంటున్నాడు. ఇంటికి నడుస్తుంటే ఖుర్షిదాకి అదే పట్టుకుంది. బాగాలేదని తిట్టి ఉంటే ఇంత బాధ లేకపోను. తను నిలబడ్డ చోట తనొక్కతే, ఆయన వాయించిన చోట ఆయనొక్కడే ఆ మోతని విన్నారు. ఆ సంగతి ఒకరితో ఒకరు అనుకోలేదు.

కొన్నాళ్ళు ఊరుకుంది. తర్వాత ఒక ఆదివారం పొద్దున తండ్రి ఆంప్లిఫయర్‌లోంచి వాల్వు తీసి, దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. దారిలో పేరేచర్ల దాకా రోడ్డు పక్కన మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ప్రేమ్‌చంద్ ఉండే నల్లపాడులో దిగి, ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్ళింది.

ప్రేమ్‌చంద్ లుంగీ మీద ఉన్నాడు. ఆమెని చూసి కంగారుగా చొక్కా వేసుకొచ్చాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఖుర్షిదా ఎక్కువేమీ చెప్పలేదు. ఒక వాల్వు మార్చాలండి అని, చెక్క విప్పి, పాతది తీసి, దూదిలోది పెట్టింది. కాగేదాకా ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఆయన గిటారు అందుకున్నాడు. నేరుగా ఆ స్వరమే వాయించాడు, నవమి నాడు తప్పించుకున్నదాన్ని. అది వెళ్ళింది, వెళ్ళి వచ్చింది, ఏ మోతా లేకుండా మెల్లగా సమసిపోయింది. మీట సగం పైకి తిప్పి మళ్ళీ వాయించాడు. తర్వాత గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు చూశాడు.

"ఇది అప్పటికే మీ దగ్గర ఉందామ్మా?"

"ఉందండి. మా నాన్న ఆంప్లిఫయర్‌లోది. ఇవ్వబుద్ధి కాలేదు."

ఆయన వెంటనే స్విచ్చి ఆపి, వెనక్కి వంగి వాల్వు తియ్యబోయాడు. "వద్దమ్మా. నాకు అదే చాలు. ఇది తీసుకెళ్ళిపోండి."

"ముట్టుకోకండి, కాలుతుంది" అంది ఖుర్షిదా. ఆయన చెయ్యి ఆగింది. "అక్కడ అది ఊరికే చల్లగా పడి ఉందండి. దీన్ని ఎవరో ఒకరు వినాలి గదా."

ప్రేమ్‌చంద్ ఇక వాదించలేదు. కాసేపయ్యాక, మీ నాన్నగారు ఏం పాటలు వినేవారని అడిగాడు. ఖుర్షిదా చెప్పడం మొదలుపెట్టింది. ఆయన రికార్డుల గురించి, ఆదివారాల గురించి, పెన్సిలు తట్టుడు గురించి. ఆ ఇంట్లోనే భోజనం చేసింది. అన్నం కలుపుతూ కూడా మాట్లాడుతూనే ఉంది. మధ్యలో తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆగింది. ప్రేమ్‌చంద్ భార్య "తర్వాత?" అంది. మళ్ళీ చెప్పింది.

తిరుగు బస్సులో మాత్రం ఎప్పటిలాగే మౌనంగా కూర్చుంది. తీసేసిన వాల్వు డబ్బాలో ఉంది. కొట్టుకి వచ్చాక తండ్రి ఆంప్లిఫయర్‌లో ఖాళీ అయిన గుంటని చూసి, దాన్ని అక్కడ పెట్టకుండా అట్టపెట్టెలోకే చేర్చింది. గుంట అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఎదురుకొట్టుకి వెళ్ళి, పొట్లం కట్టించుకోకుండా బల్ల మీద కూర్చుంది. వెంకటేశ్వరమ్మ ఏమీ ఎరగనట్టే ఇడ్లీ పెట్టి, కారప్పొడి మీద నెయ్యి వేసింది. రద్దీ తగ్గాక వచ్చి ఎదురుగా కూర్చుంది. ఖుర్షిదా ప్లేటులోకి చూస్తూ, ఆ చెంబు సంగతి చెప్పింది. ఈసారి మైకు లేదు, మాట తిరిగి రాలేదు.

వెంకటేశ్వరమ్మ మిల్లు వైపు చూసి, "మిల్లు ఆడుతుంటే నా పొయ్యి మీద నూనె కాగేది కూడా నాకు వినపడదమ్మాయ్" అంది. ఓదార్చడానికి చెప్పిన మాట కాదు. ఉన్న మాట. ఖుర్షిదాకి అది చాలు అనిపించలేదు గాని, చేతిలో ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోగలిగింది.

అలా రెండేళ్ళు గడిచాయి. పొద్దున టిఫినుకి ఎదురుకొట్టు, మిల్లు ఆగాక కాసేపు కబుర్లు. ఆ తర్వాత వెంకటేశ్వరమ్మకి మోకాళ్ళు పట్టేసి, పొయ్యి దగ్గర నిలబడలేక వేటపాలెంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. చెల్లెలు జీడిపప్పు కర్మాగారంలో పని చేస్తుంది. వెంకటేశ్వరమ్మ ఒకసారి ఎవరి చేతనో జీడిపప్పు పొట్లం పంపింది. ఆమె కొట్టు ఉన్న గదిలో సెల్‌ఫోను రీచార్జి షాపు పెట్టారు. ఖుర్షిదా దగ్గరికి ఇప్పుడు సెల్‌ఫోను చార్జర్లు వస్తున్నాయి. తెచ్చినవాళ్ళు ఫోను చూసుకుంటూ నిలబడతారు. "రేపు రండి" అనే అవసరం కూడా లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది.

రెండు వేల మూడులో ఒక సాయంత్రం కొట్లోని ఫోను మోగింది. మంగళగిరి తిరునాళ్ళనుంచి ఎవరిదో సెల్‌ఫోనులో ప్రేమ్‌చంద్. ఆయన గొంతు కంటే వెనక జనం గోల ఎక్కువగా ఉంది. ఆర్కెస్ట్రాలో అందరూ కీబోర్డుకి మారిపోయారట, వచ్చే ఏడునుంచి గిటారు అక్కర్లేదన్నారట. ఇదే ఆఖరి ప్రోగ్రాము. "వినండమ్మా" అని ఫోను ఎవరి చేతికో ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని స్టేజీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు కాబోలు.

ఖుర్షిదా రిసీవరు చెవికి అదిమిపెట్టుకుంది. గిటారు రేకు డబ్బాలో వాయించినట్టు సన్నగా వచ్చింది. మధ్యమధ్య ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. వాయించడం ఆగింది. ఎకో ఏమీ వినపడలేదు. ఫోను తీగలో అంత చిన్న శబ్దం నిలవదు. కాసేపటికి చప్పట్లు. తర్వాత ప్రేమ్‌చంద్ వచ్చి, "ఎకో వినిపించిందా?" అన్నాడు.

ఆమె శబ్దం విషయంలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "ఫోన్లో ఎకో రాదండి" అంది. "కానీ మీరు ఆపాక జనం వెంటనే చప్పట్లు కొట్టలేదు. కాసేపు ఆగారు. అది విన్నాను."

అవతల ప్రేమ్‌చంద్ ఏదో అన్నాడు. గోలలో ఆ మాట అందలేదు. లైను తెగిపోయింది. ఖుర్షిదా రిసీవరు పెట్టేసి, మళ్ళీ మోగుతుందేమోనని కొంతసేపు చూసింది. మోగలేదు. బయట దీపాలు పెట్టే వేళయింది. రీచార్జి షాపు ముందు నలుగురు కుర్రాళ్ళు నిలబడి పెద్దగా నవ్వుకుంటున్నారు. ఆమె బల్ల మీది లైటు వేసుకుని, విప్పి పెట్టిన చార్జరు ముందు కూర్చుంది.